ప్రశ్న ఎవరిది? తెలుగు వాచకాలలో విద్యార్థి అన్వేషణ – ఒక పరిశీలన

సంక్షిప్తి: విద్యార్థి స్వయంగా ప్రశ్నించి, పరిశీలించి, నిర్ణయానికి రావడమే చదువుకు పునాది కావాలన్న భావన గత రెండు దశాబ్దాల పాఠ్యప్రణాళికలలో బలపడింది. దాని ప్రభావంతో తెలుగు వాచకాలలో ప్రశ్నల సంఖ్య, వైవిధ్యం పెరిగాయి. అయితే ఆ ప్రశ్నలు ఎవరివి, వాటి జవాబు ముందుగా ఎవరికి తెలుసు అన్నది విడిగా పరిశీలించవలసిన విషయం. ఈ వ్యాసం మన కథాసంప్రదాయంలోని ప్రశ్నలను రెండు తెగలుగా విభజించి, ఆ విభజన వెలుగులో 2012 తరువాతి వాచకాల అభ్యాసాలను పరిశీలిస్తుంది. గిజుభాయి ‘పగటికల’ను, హోశంగాబాద్ విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమాన్ని పూర్వోదాహరణలుగా తీసుకుంటుంది. ఒక విద్యార్థిని అడిగిన సంధిప్రశ్న నుంచి వ్యాకరణ తరగతి ఎలా అన్వేషణగా మారగలదో ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అన్వేషణాత్మక అభ్యసనం, తెలుగు వాచకం, పరీక్షాప్రశ్న, జిజ్ఞాసాప్రశ్న, యడాగమం, బహుళం.

1. ప్రవేశిక

బి.ఎడ్. బోధనాభ్యాసంలో భాగంగా ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి కొన్ని వారాలు తెలుగు చెప్పాను. ఒక విద్యార్థిని తన వ్యాసంలో ‘మాయమ్మ పొద్దుగాలే లేస్తది’ అని రాసింది. నేను ‘మాయమ్మ’ను ఎర్రసిరాతో కొట్టివేసి ‘మా అమ్మ’ అని దిద్దాను. తరువాతి వారం యడాగమసంధి పాఠం. నల్లబల్ల మీద మొదటి ఉదాహరణగా ‘మా + అమ్మ = మాయమ్మ’ అని రాశాను. ఆ అమ్మాయి లేచి, “సార్, పోయిన వారం ఇదే తప్పన్నరు గదా. ఇయ్యాల ఎట్ల ఒప్పయింది?” అని అడిగింది. తరగతి నవ్వింది. “అది వ్యాసం, ఇది వ్యాకరణం. పరీక్షలో ఎక్కడ ఏది అడిగితే అక్కడ అది రాయాలి” అని చెప్పి పాఠం కొనసాగించాను. ఆమె కూర్చుంది. నేను అక్కడ ఉన్నన్ని రోజులూ మళ్ళీ ఏ ప్రశ్నా అడగలేదు.

ఆ పాఠం చివర ఉన్న అభ్యాసాలన్నింటినీ నేను శ్రద్ధగా చేయించాను. విద్యార్థులు చాలా ప్రశ్నలకు జవాబులు రాశారు. తరగతిలో పుట్టిన ఒకే ఒక అసలు ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. పైగా ఆ ప్రశ్నను అడ్డంకిగా భావించి పక్కకు నెట్టింది నేనే. వాచకం నిండా ప్రశ్నలున్నా విద్యార్థి ప్రశ్నకు చోటు లేకపోవడం ఎలా సంభవిస్తుంది? ఈ వ్యాసానికి మూలం ఆ సందేహమే.

2. సంప్రదాయంలో ప్రశ్న: రెండు తెగలు

మన కథాసంప్రదాయం ప్రశ్నల మీద నిలిచిన సంప్రదాయం. శౌనకాది మునులు అడిగితే సూతుడు చెబుతాడు. జనమేజయుడు అడిగితే వైశంపాయనుడు చెబుతాడు. పరీక్షిత్తు అడిగితే శుకుడు చెబుతాడు. అరణ్యపర్వంలో యక్షుడు అడుగుతాడు, ధర్మరాజు చెబుతాడు. బేతాళుడు అడుగుతాడు, విక్రమార్కుడు చెబుతాడు. పైకి ఇవన్నీ ఒకే రకమైన సంవాదాలుగా కనిపిస్తాయి. అడిగేవారికి జవాబు తెలుసా, తెలియదా అని చూస్తే ఇవి రెండుగా విడిపోతాయి.

యక్షుడికి, బేతాళుడికి జవాబు తెలుసు. తెలియనట్లు అడుగుతారు. అడగడంలో వారి ఉద్దేశం ఎదుటివారి యోగ్యతను తేల్చడం. రెండు చోట్లా ప్రశ్న వెనుక శిక్ష ఉంది. జవాబు చెప్పకుండా నీరు తాగిన తమ్ముళ్ళు పడిపోతారు. తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది. వీటిని పరీక్షాప్రశ్నలు అందాం. శౌనకుడికి, జనమేజయుడికి, పరీక్షిత్తుకు జవాబు తెలియదు. తెలుసుకోవాలన్న కోరికే వారి ప్రశ్న. ఏడు రోజుల ఆయువు మిగిలిన పరీక్షిత్తుకైతే ఆ కోరిక ప్రాణావసరం. కఠోపనిషత్తులోని నచికేతుడు ఈ తెగకు చెందిన బాలుడు. యముడు వరాలు ఆశచూపి ప్రశ్నను మార్చుకోమన్నా అతడు మార్చుకోడు. వీటిని జిజ్ఞాసాప్రశ్నలు అందాం.

ఇక్కడ రెండు సూక్ష్మాలు గమనించదగినవి. మొదటిది ‘పరీక్షిత్తు’ అనే పేరు. భాగవత సంప్రదాయం ప్రకారం తల్లి గర్భంలో తనను కాపాడిన పురుషుడు ఎవరో అని లోకంలో ప్రతివారినీ పరికించి చూసేవాడు కనుక అతడు పరీక్షిత్తు. అంటే ‘పరీక్ష’ అన్న మాటలో మొదట ఉన్నది నలుదిక్కులా చూడటం, వెదకడం. పరీక్షించేవాడు తెలియనివాడు. బడిలో ఆ మాట తలకిందులైంది: తెలిసినవాడు పరీక్షిస్తాడు, తెలియనివాడు పరీక్షకు గురవుతాడు.

రెండోది బేతాళకథల నిర్మాణం. ‘చందమామ’ ద్వారా తరతరాల తెలుగు పాఠకులకు పరిచయమైన ఈ కథలలో విక్రమార్కుడు సరైన జవాబు చెప్పిన ప్రతిసారీ మౌనభంగమై బేతాళుడు తిరిగి చెట్టెక్కుతాడు. సరైన జవాబు అతడిని మొదటికే తెస్తుంది. బేతాళపంచవింశతి సంప్రదాయంలో చివరి కథకు రాజు వద్ద జవాబు లేదు. తండ్రీకొడుకులు కూతురినీ తల్లినీ వరుస తారుమారై పెళ్ళాడితే వారి సంతానానికి పరస్పరం ఏ బంధుత్వం అన్న చిక్కుకు అతడు మౌనంగా ఉండిపోతాడు. బేతాళుడు మెచ్చి, యోగి పన్నిన కుట్రను బయటపెట్టేది అప్పుడే. జవాబు లేని ప్రశ్న వద్ద నిలిచినప్పుడే కథ ముందుకు కదిలింది.

3. సంశయం నుంచి అన్వేషణకు

తెలుసుకోవడానికి సంశయం తొలిమెట్టు అన్న విషయం భారతీయ శాస్త్రాలకు కొత్త కాదు. న్యాయశాస్త్రం చెప్పిన 16 పదార్థాలలో ప్రమాణ, ప్రమేయాల వెంటనే వచ్చేది సంశయం. మీమాంసకుల అధికరణంలో విషయం తరువాత సంశయం, ఆ తరువాతే పూర్వపక్ష సిద్ధాంతాలు. సంశయం లేని చోట విచారణకు అవసరమే లేదు.

ఆధునిక విద్యాతాత్త్వికులలో జాన్ డ్యూయీ 1910 నాటి తన ‘హౌ వియ్ థింక్’లో ఆలోచన ఒక చిక్కు నుంచి, తికమక నుంచి ప్రారంభమవుతుందని ప్రతిపాదించాడు. పాలో ఫ్రెయిరే విద్యార్థిని ఖాళీ ఖాతాగా భావించి జ్ఞానాన్ని జమ చేసే పద్ధతిని విమర్శించి, ఉపాధ్యాయ విద్యార్థులు కలిసి సమస్యను పరిశీలించే సంవాదాన్ని ప్రత్యామ్నాయంగా చూపాడు. హెదర్ బాంచీ, రాండీ బెల్ 2008లో తరగతి అన్వేషణను నాలుగు స్థాయిలుగా వర్గీకరించారు. ప్రశ్న, పద్ధతి, ఫలితం మూడూ ముందే తెలిసినది నిర్ధారణ స్థాయి. ప్రశ్న, పద్ధతి ఇచ్చి ఫలితాన్ని విద్యార్థికి వదిలేది నిర్దేశిత స్థాయి. ప్రశ్న మాత్రమే ఇచ్చేది మార్గదర్శిత స్థాయి. ప్రశ్న కూడా విద్యార్థిదే అయినది స్వేచ్ఛాన్వేషణ. ఈ వర్గీకరణ విజ్ఞానశాస్త్ర బోధన కోసం ఏర్పడినదే అయినా భాషాబోధనకు ఒక ఉపయోగకరమైన కొలమానం కాగలదు.

4. వాచకాలలో ప్రశ్న: రూపం, స్వభావం

యశ్‌పాల్ అధ్యక్షతన రూపొందిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005, విద్యార్థి జ్ఞానాన్ని తానే నిర్మించుకుంటాడన్న దృష్టిని బలంగా ప్రతిపాదించింది. దానిని అనుసరించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో రాష్ట్ర విద్యాప్రణాళిక చట్రం రూపొందింది. 2012 నుంచి దశలవారీగా కొత్త వాచకాలు వచ్చాయి. వీటి నిర్మాణం పాత వాచకాలకు పూర్తిగా భిన్నం. పాఠానికి ముందు ఒక చిత్రమో చిన్న భాగమో ఇచ్చి ఆలోచింపజేసే ప్రశ్నలు, పాఠం మధ్యలో ‘ఆలోచించండి – చెప్పండి’, పాఠం చివర ‘ఇవి చేయండి’ శీర్షిక కింద అవగాహన–ప్రతిస్పందన, వ్యక్తీకరణ–సృజనాత్మకత, భాషాంశాలు, ప్రాజెక్టు పని, చివరగా విద్యార్థి తన్ను తాను అంచనా వేసుకొనే ‘నేను ఇవి చేయగలనా?’ అనే పట్టిక. పాఠానికి అర్థతాత్పర్యాలు, కవిపరిచయం, నాలుగు జవాబులు చాలనుకున్న బోధనకు ఇది గట్టి కుదుపు. ఈ వాచకాల ఘనతను తగ్గించి చెప్పడం న్యాయం కాదు.

ఈ అభ్యాసాలలోని ప్రశ్నలను వాటి జవాబు ఎక్కడుంది అన్న దృష్టితో చూస్తే మూడు వర్గాలు కనిపిస్తాయి. మొదటి వర్గం జవాబు పాఠంలోనే ఉన్న ప్రశ్నలు. ఇవి పఠనావగాహనకు అవసరమైనవి. వీటిని నిందించవలసిన పని లేదు.

రెండో వర్గం అభిప్రాయ ప్రశ్నలు. ఒక పాత్ర చేసిన పని సమంజసమా, ఆ స్థితిలో నీవుంటే ఏం చేస్తావు వంటివి. రూపంలో ఇవి స్వేచ్ఛాప్రశ్నలు. జవాబు విద్యార్థిలోనే ఉండాలి. ఆచరణలో జరిగేది వేరు. బజారులో దొరికే గైడు ‘నీ అభిప్రాయం’ అన్న ప్రశ్నకు కూడా అచ్చు వేసిన జవాబు ఇస్తుంది. ‘నేనైతే’ అని మొదలయ్యే ఆ జవాబును తరగతిలోని నలభైమంది ఒకే మాటలలో రాస్తారు. ఉత్తమపురుష ఏకవచనం ఇంతటి బహువచనంగా మారిన సందర్భం తెలుగులో మరొకటి ఉండదు. దీనికి గైడును మాత్రమే దోషిని చేస్తే సరిపోదు. అభిప్రాయానికీ మార్కులు వేయవలసి వచ్చినప్పుడు మార్కులు తెచ్చే అభిప్రాయం ఏదో విద్యార్థి వెదుక్కుంటాడు. పాఠంలోని నీతి ఎటు మొగ్గుతుందో అతడికి తెలుసు. జవాబు కూడా అటే మొగ్గుతుంది. రూపంలో జిజ్ఞాసాప్రశ్న, ఫలితంలో పరీక్షాప్రశ్న.

మూడో వర్గం ప్రాజెక్టు పనులు. అన్వేషణకు అత్యంత సన్నిహితమైన స్థానం ఇదే. ఇందులోనూ ఒక భేదం గుర్తించాలి. ఒక కవి జీవిత విశేషాలు సేకరించి నివేదిక రాయమనడం ఒక పని. మీ ఊరి పెద్దలు పాడే పాటలు సేకరించి రాయమనడం మరొక పని. మొదటిదానికి జవాబు ఇప్పటికే ఎక్కడో రాసి ఉంది. నెట్ సెంటరులో ఒక కాగితం అచ్చు తీయిస్తే నివేదిక సిద్ధం. రెండోదానికి జవాబు వాచక రచయితకూ తెలియదు, ఉపాధ్యాయుడికీ తెలియదు. విద్యార్థి వెళ్ళి అడిగితే తప్ప అది కాగితం మీదికి రాదు. మొదటిది సేకరణ, రెండోది అన్వేషణ. వాచకాలలో ఈ రెండూ ఒకే శీర్షిక కింద, ఒకే విలువతో పక్కపక్కనే ఉన్నాయి. వాటిని వేరుచేసి చూసే దృష్టి మూల్యాంకనంలో లేకపోతే, శ్రమ తక్కువైన మొదటిది రెండోదాన్ని మింగివేస్తుంది.

బాంచీ, బెల్ వర్గీకరణలో చెప్పాలంటే ఈ ప్రాజెక్టులలో ఎక్కువ భాగం రెండో స్థాయి వద్ద, కొన్ని మూడో స్థాయి వద్ద ఆగుతాయి. వాచకాన్ని ముగించే ‘నేను ఇవి చేయగలనా?’ అన్న ప్రశ్నలో కర్త విద్యార్థే. కానీ ఆ ప్రశ్నను అతడి నోట పెట్టింది వాచకం. ‘నేను ఏమి తెలుసుకోవాలనుకుంటున్నాను?’ అన్న ఖాళీ గడి ఆ పట్టికలో లేదు. లోపమంటూ ఉంటే అది ఈ ఒక్క గడిది.

5. రెండు పూర్వోదాహరణలు

గిజుభాయి బధేకా భావనగర్ దక్షిణామూర్తి బాలమందిరంలో గడించిన అనుభవంతో 1930ల ఆరంభంలో గుజరాతీలో రాసిన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటికల’గా సుపరిచితం. నాలుగో తరగతిని ఒక ఏడాది తన ప్రయోగానికి అప్పగించమని విద్యాధికారిని కోరిన ఉపాధ్యాయుడి కథ ఇది. మొదటిరోజు అతడు ముందుగా వేసుకొన్న పథకం విఫలమవుతుంది. నిశ్శబ్దపు ఆట అనుకొన్నది గోలగా ముగుస్తుంది. మరునాడు అతడు కథ మొదలుపెడతాడు. తరగతి అతడి చేతికి వస్తుంది.

ఈ రచనను స్వేచ్ఛావిద్యకు ప్రమాణగ్రంథంగా చదవడం పరిపాటి. ప్రశ్న ఎవరిది అన్న దృష్టితో చదివితే మరొక సంగతి తెలుస్తుంది. ఇందులో పిల్లల కోరిక వినిపిస్తుంది, సంతోషం వినిపిస్తుంది. ఏమి చదవాలన్న నిర్ణయం మాత్రం చివరిదాకా ఉపాధ్యాయుడిదే. కథలు, ఆటలు, పుస్తకాలు అన్నీ అతడు తెచ్చినవే. ఇందులో నిజమైన అన్వేషకుడు ఉపాధ్యాయుడు. ‘ఈ పిల్లలకు ఎలా చెబితే వస్తుంది?’ అన్న అతడి ప్రశ్నకు జవాబు అతడికి తెలియదు. తన పథకం చెడినప్పుడు పిల్లలను నిందించక పథకాన్నే మార్చుకొంటాడు. ఇది రచనకు లోపం కాదు, బలం. తన తెలియనితనాన్ని ఒప్పుకోలేని ఉపాధ్యాయుడు విద్యార్థి ప్రశ్నకు చోటివ్వలేడన్నది ఈ కథ నుంచి గ్రహించవలసిన మొదటి పాఠం.

రెండో ఉదాహరణ మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమం. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛందసంస్థలు 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో దీనిని ప్రారంభించాయి. 1978లో ఇది జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తరువాతి బాధ్యత తీసుకుంది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దీనిని నిలిపివేసింది. సాధారణ ప్రభుత్వ పాఠశాలల్లో, గ్రామీణ విద్యార్థులతో, 3 దశాబ్దాలపాటు సాగడం దీని విశిష్టత. ‘బాల్ వైజ్ఞానిక్’ అనే దీని పాఠ్యపుస్తకంలో ప్రయోగాలు, ప్రశ్నలు ఉన్నాయి గాని జవాబులు లేవు. విద్యార్థి ప్రయోగం చేసి, చూసినదాన్ని తన మాటలలో రాసుకుంటే ఆ రాత పుస్తకమే అతడి పాఠ్యగ్రంథం. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. పుస్తకంలో జవాబు లేనప్పుడు దానిని మూసి ఉంచవలసిన అవసరమేమిటి?

తెలుగు పరిశోధకులు ప్రత్యేకంగా గమనించవలసినది ‘సవాలీరామ్’ అనే కల్పితపాత్ర. పిల్లలు తమకు తోచిన ఏ ప్రశ్ననైనా ఉత్తరంగా రాసి అతడికి పంపవచ్చు. పాఠంతో సంబంధం ఉండాలన్న నియమం లేదు. నేను పైన చెప్పిన ఖాళీ గడిని ఆ కార్యక్రమం ఒక పాత్రగా, ఒక చిరునామాగా మార్చింది. పిల్లల ప్రశ్నకు చిరునామా కల్పించడం సాహిత్యం చేయదగిన పని.

6. ప్రశ్నించే భాష

అయితే విద్యార్థి ఏ భాషలో ప్రశ్నించాలి? ఈ విషయంలో తెలుగువారికి ఒక శతాబ్దపు అనుభవం ఉంది. వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్యచరిత్రలో భాగంగా చదువుతాం. దాని పుట్టుక మాత్రం బడిలో ఉంది. 1906 ప్రాంతంలో ఉత్తర కోస్తా పాఠశాలల పర్యవేక్షకుడైన జె. ఎ. యేట్స్‌కు జనం మాట్లాడే తెలుగుకు, పుస్తకంలోని తెలుగుకు ఇంత దూరం ఎందుకో బోధపడలేదు. తెలియనివాడి ప్రశ్న అది. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ఆ ప్రశ్నను చేపట్టారు. అప్పటికే సవర భాష నేర్చుకొని, సవర పిల్లల చదువు కోసం శ్రమించిన గిడుగుకు పిల్లవాడి భాషను బడి బయట వదిలితే చదువే బయట మిగిలిపోతుందని అనుభవపూర్వకంగా తెలుసు.

వ్యావహారికం గెలిచిందని మనం చెప్పుకొంటాం. ‘మాయమ్మ పొద్దుగాలే లేస్తది’ అన్న వాక్యాన్ని దిద్దిన నా ఎర్రకలం ఆ గెలుపు ఎంతవరకు వచ్చిందో చూపుతుంది. గ్రాంథికం స్థానంలో శిష్టవ్యావహారికం వచ్చింది; ఇంటిభాష ఇంకా గుమ్మం బయటే ఉంది. తన మాట తప్పని దిద్దించుకొన్న విద్యార్థి తన ప్రశ్న కూడా తప్పేమోనని జంకుతాడు. అన్వేషణాత్మక అభ్యసనం భాషాతరగతిలో వేళ్ళూనడానికి ఇంటిభాషకు ఆధారసామగ్రిగా గౌరవం దక్కడం మొదటి షరతు.

7. ‘మాయమ్మ’ – ఒక అన్వేషణకు నమూనా

ఆ విద్యార్థిని ప్రశ్నను నేను పక్కన పెట్టకపోయి ఉంటే ఆ తరగతి ఎలా సాగి ఉండేది? దీనిని ప్రయోగఫలితంగా కాక ప్రతిపాదనగా ఇక్కడ ఉంచుతున్నాను.

మొదట ప్రశ్నను ఆమె మాటలలోనే నల్లబల్ల మీద రాయాలి: ఒకే మాట ఒకచోట తప్పు, మరొకచోట ఒప్పు ఎట్లయితది? తరువాత సామగ్రి సేకరణ. ఇంట్లో ‘మా’, ‘మీ’ తరువాత అచ్చుతో మొదలయ్యే మాటలు వచ్చినప్పుడు అవ్వ ఎలా పలుకుతుంది, నాన్న ఎలా పలుకుతాడు, దినపత్రికలో ఎలా ఉంది, వాచకంలోని పద్యంలో ఎలా ఉంది అని ప్రతి విద్యార్థీ పది మాటలు రాసుకొని రావాలి. వాటిని పట్టికగా అమర్చాలి.

ఆ పట్టికలో ఏముంటుందో కొంత ఊహించవచ్చు. మాయమ్మ, మాయన్న, మాయిల్లు, మాయెద్దు ఒక వరుసలో చేరుతాయి. వాటితోపాటు ‘మావూరు’ కూడా వస్తుంది. బడిలో నేర్పే యడాగమసూత్రంలో యకారం మాత్రమే ఉంది. నోటిమాటలో వకారం కూడా ఉంది. ‘మాయూరు’ అని ఎందుకు పలకం? ఏ అచ్చుల ముందు య, ఏ అచ్చుల ముందు వ అని విడదీస్తే అ, ఇ, ఎ ఒకవైపు, ఉ, ఒ మరొకవైపు నిలుస్తాయి. ఒకరి పెదవులను ఒకరు చూస్తూ పలికితే కారణం కంటికే కనిపిస్తుంది: ఉ, ఒ పలికేటప్పుడు పెదవులు గుండ్రమవుతాయి, వకారం కూడా పెదవులతోనే పుడుతుంది. ఇది వారి పాఠంలో లేని సూత్రం. వారి ఇళ్ళలోని మాటల నుంచి వారే కనుగొన్నది.

ఇక ‘మా ఆయన’ కొన్ని ఇళ్ళలో ‘మాయన’గా వినిపిస్తుంది. ఇక్కడి యకారం ఆగమమా, ‘ఆయన’లో ముందే ఉన్నదా? ఒక ఆకారం ఏమైంది? వారి సూత్రం ఇక్కడ తడబడుతుంది. ఆ మాటను ‘ఇంకా తేలనివి’ అన్న గడిలో రాసుకోవాలి. విక్రమార్కుడి మౌనం వంటిదే ఈ గడి. అన్వేషణ మళ్ళీ మొదలయ్యేది ఇక్కడి నుంచే.

ఉపాధ్యాయుడు సంధి, ఆగమం, నిత్యం, వైకల్పికం అనే పరిభాషను అందించవలసిన సమయం ఇదే. పేరు కోసం ఎదురుచూస్తున్న విషయం విద్యార్థి చేతిలో ఉన్నప్పుడు పరిభాష బరువు కాదు. చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’లో వాడిన ‘బహుళం’ అన్న మాటను అప్పుడు పరిచయం చేయవచ్చు. ఒక కార్యం నిత్యంగా జరగడం, జరగకపోవడం, వికల్పంగా జరగడం, మరోవిధంగా జరగడం అనే నాలుగు అవకాశాలను ఆ ఒక్క మాట ఇముడ్చుకుంది. భాషలోని వైవిధ్యం ముందు వ్యాకర్త తలవంచిన సందర్భం అది. మన తరగతిగదులు దానిని కంఠస్థం చేయవలసిన నిర్వచనంగా మార్చాయి; నిజానికి అది వెళ్ళి వినమని చెప్పే ఆహ్వానం. ‘మాయమ్మ’ తప్పా ఒప్పా అన్న ప్రశ్నకు కూడా అప్పుడు న్యాయమైన జవాబు దొరుకుతుంది: నేటి అచ్చుభాష పదాలను విడదీసి రాస్తోంది, ఇంటిభాష కలిపి పలుకుతోంది, పాత వ్యాకరణం ఇంటిభాష పక్షాన ఉంది.

ఈ పద్ధతికి తెలుగు పరిశోధనలోనే పెద్ద ఆధారం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. ఊళ్ళకు వెళ్ళి రైతులను అడిగి, విన్నది విన్నట్లు రాసుకొని చేసిన పని అది. విశ్వవిద్యాలయ స్థాయిలో శాస్త్రమైనది తొమ్మిదో తరగతిలో ప్రాజెక్టు పని ఎందుకు కాకూడదు?

8. ఆక్షేపణలు

ఈ ప్రతిపాదనకు మూడు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది బలమైనది. పాల్ కిర్ష్నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ 2006లో, కొత్తగా నేర్చుకొనేవారికి కనీస మార్గదర్శనం మాత్రమే ఉన్న బోధన పనిచేయదని, అది వారి క్రియాశీల స్మృతిపై అధికభారం మోపుతుందని వాదించారు. ఇంట్లో పుస్తకాలు లేని, మొదటితరం విద్యార్థికి ఇది మరింత వర్తిస్తుంది. ‘నీవే కనుగొను’ అంటే కనుగొనే సాధనాలున్నవారే కనుగొంటారు. సిండీ హ్మెలో–సిల్వర్ మొదలైనవారు 2007లో దీనికి సమాధానమిస్తూ, అన్వేషణ అంటే మార్గదర్శనం లేకపోవడం కాదని, అందులో ఆసరా విస్తృతంగా ఉంటుందని చూపారు. పైన చెప్పిన నమూనాలో ప్రశ్న విద్యార్థినిది. పట్టిక, పరిభాష, వరుసక్రమం ఉపాధ్యాయుడివి. అంతేకాదు, ఆ అన్వేషణకు కావలసిన సామగ్రి పుస్తకాల అలమరాలో లేదు, అవ్వ నోట ఉంది. ఈ ఒక్క విషయంలో మొదటితరం విద్యార్థి పేదవాడు కాడు.

రెండోది కాలం గురించి. ఒక సంధికి రెండు మూడు వారాలు వెచ్చిస్తే పాఠ్యాంశాలు పూర్తికావు. ఇది నిజం. అందువల్ల ప్రతి పాఠాన్నీ అన్వేషణగా మార్చాలని నేను అనను. ఏడాదికి రెండు ప్రశ్నలైనా విద్యార్థులవై ఉండాలన్నది నా మనవి. మూడోది మార్కుల గురించి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టుకు ఇప్పటికే స్థానముంది. నివేదిక అందానికి బదులు, విద్యార్థి వేసిన ప్రశ్నకు, అతడు ‘తేలలేదు’ అని నిజాయితీగా రాసినదానికి విలువ కట్టగలిగితే చాలు. ఇందుకు కొత్త వాచకం అక్కరలేదు. దిద్దే చేయి మారాలి.

9. ముగింపు

జాతీయ విద్యావిధానం 2020 కూడా బోధన అన్వేషణాత్మకంగా, చర్చాప్రధానంగా ఉండాలని కోరింది. విధానపత్రాలలో ఈ మాట స్థిరపడింది. వాచకాలలో సగం దారి వచ్చింది. మిగిలిన సగం వాచక రచయిత చేతిలో లేదు. వాచకం ఎంత మంచి ప్రశ్న వేసినా అది వాచకం ప్రశ్నే. విద్యార్థి ప్రశ్న అచ్చులో రాదు. అది ముందస్తు సూచన లేకుండా, ఇంటిభాషలో, పాఠం మధ్యలో వస్తుంది. దానిని గుర్తుపట్టడం ఉపాధ్యాయుడి పని. గుర్తుపట్టగల ఉపాధ్యాయులను తయారుచేయడం విశ్వవిద్యాలయ తెలుగుశాఖల పని. మన ఎం.ఏ. తరగతులలోనూ పరిశోధక విద్యార్థికి అంశం పైనుంచి అందినంతకాలం, అతడు బడికి వెళ్ళి వేరుగా బోధిస్తాడని ఆశించలేం.

ఆ తొమ్మిదో తరగతి విద్యార్థిని నన్ను అడిగింది పరీక్షాప్రశ్న కాదు. ఆమెకు జవాబు తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరం కలిసి వెదకవలసిన క్షణంలో నేను పరీక్షను అడ్డుపెట్టుకొన్నాను. ఆమెకు ఇవ్వవలసిన జవాబు ఈ వ్యాసంలో కొంతవరకు చెప్పగలిగాను. ‘మాయన’ సంగతి మాత్రం ఇంకా తేలలేదు.